హెడ్‌లైట్ అందం మార్చుకోండి, రిఫ్లెక్టర్ మాత్రం ముట్టుకోకండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో కారు హెడ్‌లైట్లను ఇంట్లోనే కొత్త రూపానికి మార్చుకోవడం గురించి వచ్చిన వ్యాసం చదివాను. లైటు విప్పడం, లోపల నల్లరంగు వేయడం, మళ్లీ అతికించడం వివరంగా రాశారు. ఫొటోలూ బాగున్నాయి. కానీ రిఫ్లెక్టర్ గురించి, అంటే బల్బు వెలుగును రోడ్డు మీదికి తిప్పే లోపలి అద్దంలాంటి గిన్నె గురించి, ఒక్క ముక్క లేదు. బిగించాక వెలుగు ఎక్కడ పడుతోందో చూసుకోవాలన్న మాట కూడా లేదు. ఈ రెండు విషయాల్లోనే నేను దెబ్బతిన్నాను. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను 22 ఏళ్లుగా కళ్లద్దాల లెన్సులు అరగదీసి ఫ్రేములకు బిగించే పని చేస్తున్నాను. హెడ్‌లైట్ ముందుండే పారదర్శకమైన ప్లాస్టిక్ పాలికార్బొనేట్. మా దగ్గరికి వచ్చే లెన్సుల్లోనూ కొన్ని దానితో చేసినవే. దెబ్బకు పగలదు కానీ గీతలు త్వరగా పడతాయి, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పసుపెక్కుతుంది. అందుకే పైన గట్టి కోటింగ్ వేస్తారు. ఆ కోటింగ్ పోయిన రోజు నుంచీ లైటు ముసలిదైపోతుంది. ఇదంతా తెలుసు కాబట్టి మా పాత కారు లైట్లు నేనే చేసుకోగలననుకున్నాను. మా అమ్మాయికి కొత్త కార్లలోలాగా లోపల నల్లగా ఉండాలని కోరిక. బల్బు చుట్టూ ఉండే వెండిరంగు ప్లాస్టిక్ చట్రానికి నల్లరంగు వేస్తే ఆ లుక్ వస్తుంది. దాన్నే బెజెల్ అంటారు. వెలుగుతో దానికి పెద్దగా సంబంధం ఉండదు, కాబట్టి రంగు వేసినా నష్టం లేదు. అక్కడిదాకా మీ వ్యాసం సరిగ్గానే చెప్పింది.

బ్యాటరీ నెగెటివ్ తీగ తీసేసి, బంపర్ దించి, లైట్లు బయటికి తీశాను. హీట్ గన్‌తో అంచు చుట్టూ వేడి చేస్తే లోపలి బ్యూటైల్ జిగురు మెత్తబడి, నల్లటి తీగల్లా సాగుతూ ఊడి వచ్చింది. (కొన్ని లైట్లకు వేడికి లొంగని గట్టి జిగురు వాడతారు. అలాంటివి విప్పబోతే ప్లాస్టిక్ విరుగుతుంది, వాటి జోలికి పోకపోవడమే మంచిది.) బెజెల్‌ను 600 నంబరు ఎమరీ పేపర్‌తో గరుకు చేసి, ప్లాస్టిక్ ప్రైమర్ పూసి, మ్యాట్ నలుపు మూడు పలుచటి కోట్లు కొట్టాను. ఒక రాత్రి ఆరనిచ్చి మర్నాడే మూసేశాను. నేను చేసిన మొదటి తప్పు అది.

చేతికి ఆరినట్టు అనిపించిన రంగులో ఇంకా థిన్నర్ మిగిలే ఉంటుంది. హాలోజెన్ బల్బు వేడికి అది ఆవిరై బయటికొస్తుంది, మూసిన డబ్బాలోంచి త్వరగా వెళ్లడానికి దారి ఉండదు. వారం తిరక్కుండానే కుడివైపు లెన్సు లోపల తెల్లటి మసక పొర కట్టింది. మళ్లీ విప్పాను. లెన్సు లోపలి భాగాన్ని తుడిచాక, రిఫ్లెక్టర్ మీద కూడా అదే మసక కనిపించింది. జేబులో లెన్సు తుడిచే మెత్తటి గుడ్డ ఉంది. రోజూ వంద లెన్సులు తుడిచే చెయ్యి. ఆలోచించకుండా గుండ్రంగా ఒక్కసారి తుడిచాను.

గుడ్డ మీద బూడిద రంగు మరక అంటింది. మురికి అనుకున్నాను. మళ్లీ చూస్తే, రిఫ్లెక్టర్‌లో నా వేలు తిరిగిన మేరకు మెరుపు పోయి అడుగునున్న ప్లాస్టిక్ మసగ్గా కనపడింది. ఆ మెరుపు లోహపు రేకు కాదు. శూన్యంలో అల్యూమినియంను ఆవిరిగా మార్చి ప్లాస్టిక్ మీద పట్టించిన పొర అది, ఒక మైక్రాన్ మందం కూడా ఉండదు. కళ్లద్దాల మీది కోటింగ్ గుడ్డతో తుడవడానికి తట్టుకునేలా చేస్తారు. ఇది అలా కాదు. వేలు తగిలినా మచ్చ పడుతుంది. దుమ్ముంటే గాలి ఊదే రబ్బరు బుడ్డితో ఊదాలి తప్ప గుడ్డ పెట్టకూడదు. ఇది ముందే తెలిసుంటే ఆ గుడ్డను జేబులోంచి తీసేవాడినే కాదు.

అయినా బిగించి వాడాను. పగలు చూస్తే కారు నిజంగా అందంగా ఉంది, మా అమ్మాయి చాలా సంతోషించింది. రెండో రాత్రి తను పక్క సీట్లో కూర్చుని, "నాన్నా, రోడ్డు అంచు కనపడట్లేదు" అంది. నిజమే. ఎదురుగా వచ్చేవాళ్లేమో లైట్లు కొట్టి హెచ్చరిస్తున్నారు. అంటే మాకు వెలుగు తక్కువ, వాళ్ల కళ్లలో ఎక్కువ. కాసేపటికి అంచున సైకిల్ నడిపించుకుంటూ వెళ్తున్న మనిషి నాకు మరీ దగ్గరికొచ్చాక కనిపించాడు. ఏమీ జరగలేదు. కానీ ఇల్లు చేరేదాకా నా చేతుల్లో వణుకు తగ్గలేదు. కుడివైపు లైటు మొత్తం మార్చేశాను.

మాకు వెలుగు తగ్గింది రిఫ్లెక్టర్ పాడవడం వల్ల. ఎదుటివాళ్ల కళ్లలో వెలుగు పడటానికి కారణం వేరే. లైటు విప్పి బిగిస్తే దాని కోణం ఎంతో కొంత మారుతుంది. సరిచూసుకోవడం కష్టం కాదు. చదునైన నేల మీద, టైర్లలో గాలి సరిగా ఉంచి, హెడ్‌లైట్లు గోడకు 5 మీటర్ల దూరంలో ఉండేలా కారు నిలపాలి. బల్బు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో గోడ మీద అంతే ఎత్తులో గీత గీయాలి. లో బీమ్ (డిమ్ లైటు) వేస్తే వెలుగు పై అంచు ఆ గీతకు 5 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. 10 మీటర్లయితే 10 సెంటీమీటర్లు. ఇది ఒక శాతం లెక్క, చాలా కార్లకు దాదాపు ఇంతే. మీ కారు లైటు మీద వేరే శాతం ముద్రించి ఉంటే దాన్నే పాటించాలి. లైటు వెనకున్న మరను తిప్పితే వెలుగు పైకీ కిందికీ కదులుతుంది. నావి 5 మీటర్లలోనే గీతకు నాలుగు వేళ్లు పైన ఉన్నాయి.

మీ వ్యాసంలో లెన్సు మీద స్మోక్ ఫిల్మ్ (నల్లగా కనిపించే పలుచటి పొర) అంటించుకోవచ్చని రెండు వాక్యాలు ఉన్నాయి. దయచేసి అది వెనక్కి తీసుకోండి. వెలుగులో 75 శాతం కన్నా తక్కువ లోపలికి పంపే రంగు కళ్లద్దాలు రాత్రిపూట డ్రైవింగ్‌కు పనికిరావని మా పనిలో ప్రమాణం ఉంది. రాత్రి నల్లద్దాలు పెట్టుకుని బండి నడపమని నేను ఎవరికీ చెప్పను. కారు కళ్లకు మాత్రం ఎలా పెడతాం? నీలం పూత ఉన్న బల్బులదీ ఇదే సంగతి, ఆ పూత కొంత వెలుగును ఆపేస్తుంది. ఇక హాలోజెన్ రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ బల్బు పెడితే, ఫిలమెంట్ ఉండాల్సిన చోటికి వెలుగు బిందువు కుదరక కిరణాలు చెల్లాచెదురవుతాయి.

అందం కోసమే అయితే పసుపెక్కిన లెన్సును తెల్లగా చేయడమే అన్నిటికన్నా పెద్ద మార్పు. ఎడమవైపు లైటుకు అదే చేశాను. చుట్టూ పెయింట్ మీద టేపు అంటించి, నీళ్లు చల్లుతూ 800 నంబరు పేపర్‌తో మొదలుపెట్టి 1000, 1500, 2000, 3000 దాకా వెళ్లాను. మొదట కారే నీళ్లు పసుపుగా ఉంటాయి. అవి పాలలా తెల్లబడ్డాకే తర్వాతి నంబరుకు మారాలి, తొందరపడితే గీతలు మిగిలిపోతాయి. ఆ తర్వాత పాలిష్, చివర్లో అతినీలలోహిత కిరణాలను ఆపే క్లియర్ కోట్. ఈ చివరి కోటు మానేస్తే కొన్ని నెలల్లో పసుపు మళ్లీ వచ్చేస్తుంది. మీరు రాసిన టూత్‌పేస్ట్ చిట్కాతో పైపైన మెరుపు వస్తుంది, కానీ పోయిన కోటింగ్ తిరిగి రాదు.

బెజెల్ నలుపు మాత్రం ఉంచేశాం. కొత్త లైటు బెజెల్‌కు కూడా వేశాను, ఈసారి పది రోజులు ఆరబెట్టి మూశాను. మసక రాలేదు.

ఆ వ్యాసానికి రెండో భాగం వేస్తే, రిఫ్లెక్టర్‌ను దగ్గరగా ఫొటో తీసి, "ముట్టుకోవద్దు" అని కింద రాసి వేయండి. గోడ కొలత బొమ్మ గీసి పక్కనే ఇవ్వండి. కత్తిరించి కారులో పెట్టుకునేవాళ్లు ఉంటారు.

ఇట్లు,
కళ్లద్దాల పనిలో ఉన్న మీ పాఠకుడు