ఎపిసోడ్లు పెంచితే భయం పుట్టదు

సంపాదకులకు నమస్కారం.

లోకం అంతమయ్యాక మిగిలినవాళ్ల కథలు చెప్పే భయానక నవలలను మినీ సిరీస్‌లుగా తీయడంపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం, నవల పెద్దదైతే ఎపిసోడ్లు పెంచితే సరిపోతుందని తేల్చేసింది. అసలు చిక్కు నిడివిలో లేదు, వరసలో ఉంది.

అమెరికన్ రచయిత స్టీఫెన్ కింగ్ ‘ది స్టాండ్’నే తీసుకోండి. సైనిక స్థావరం నుంచి బయటపడ్డ రోగం లోకాన్ని తుడిచిపెట్టే 1978 నాటి నవల. అప్పుడు కత్తిరించిన భాగాలు కలిపి 1990లో మళ్లీ వేస్తే వెయ్యి పేజీలు దాటింది. 1994లో అమెరికా టీవీ చానెల్ ఏబీసీ నాలుగు భాగాలుగా ప్రసారం చేసిన సిరీస్‌కు స్క్రిప్టు కింగే రాశారు. సైనిక స్థావరం కాపలాదారు పెళ్లాం బిడ్డలతో పారిపోతాడు, రోగంతో తూలుతున్న అతని కారు ఒక పెట్రోలు బంకును గుద్దుకుంటుంది, అక్కడివాళ్లకు దగ్గు మొదలవుతుంది. రోగంతో పాటే మనమూ నడుస్తాం. 2020 డిసెంబరులో మొదలైన తొమ్మిది ఎపిసోడ్ల సిరీస్, రోగం అణగాక, మిగిలినవాళ్లు చేరిన బౌల్డర్ అనే ఊళ్లో శవాలు ఎత్తే పనితో మొదలై వెనక్కీ ముందుకీ తిరిగింది. ఎవరు బతికి బయటపడ్డారో ముందే చూసేశాక, దగ్గు వినిపిస్తే ఎవరి గుండె జారుతుంది?

స్క్రిప్టులో పేజీకి సుమారు ఒక నిమిషం. యాభై నిమిషాల ఎపిసోడ్లు తొమ్మిదంటే 450 పేజీలు. కాబట్టి కోత తప్పదు, పాత్రలను కలపడమూ తప్పదు. కానీ కలిపేటప్పుడు ఆ పాత్ర ఏ బరువు మోస్తోందో చూసుకోవాలి. నవలలో లారీ అనే గాయకుడితో పాటు న్యూయార్క్ నుంచి బయల్దేరిన రీటా దారిలోనే చనిపోతుంది. ఆ అపరాధ భావమే అతన్ని మారుస్తుంది. 1994 సిరీస్ రీటాను నాడీన్ అనే మరో స్త్రీ పాత్రలో కలిపేసింది. ఒక నటి జీతం మిగిలింది, లారీ మార్పుకు మూలం పోయింది.

ఇక ఖాళీ నగరం. తెల్లవారిన మొదటి గంటలో, రోడ్డు ఆపించి తీయాలి. నగరం నిజంగా ఖాళీ కాదని పట్టించేవి చిన్నవే: వెలుగుతున్న సిగ్నల్, ఆకాశంలో విమానం గీత, నిన్ననే కోసినట్టున్న గడ్డి. మనుషులు పోయి మూడు నెలలైతే గడ్డి మోకాళ్ల దాకా రావద్దా? కెమెరా కదలకపోతే, ఖాళీగా ఉన్న క్షణం ఒకటి విడిగా తీసి అతికిస్తే చాలు. కదిలితే సెకనుకు 24 ఫ్రేముల్లో, అంటే 24 బొమ్మల్లో, వాటిని ఒక్కొక్కటిగా చెరుపుతూ కూర్చోవాలి. బడ్జెట్ అక్కడే కరిగిపోతుంది.

షూటింగ్ కథ వరసలో జరగదు. ఒక లొకేషన్ దొరికితే మొదటి రోజు సీనూ తొంభయ్యో రోజు సీనూ ఒకే పూట తీసేస్తారు. అందుకే ప్రతి ముఖ్య పాత్రకూ కొత్త, మాసిన, చిరిగిన, అతుకులేసిన దశల్లో బట్టలు, ఒక్కో దశకు కనీసం రెండు జతలు, గడ్డానికీ గోళ్ల మురికికీ రోజులవారీ పట్టిక ఉండాలి. పట్టిక లేని చోట, మూడు వారాలు నడిచిన మనిషి ఇస్త్రీ చొక్కాతో వస్తాడు.

అన్నిటికన్నా నిర్లక్ష్యం చేసేది శబ్దం. ఫ్రిజ్ గుర్రుమనడం, దూరపు ట్రాఫిక్ హోరు మన చెవికి తెలియకుండానే రికార్డవుతాయి. కరెంటు పోయిన లోకంలో అవి ఉండకూడదు. వాటిని తీసేసి, ఆ ఖాళీని నేపథ్య సంగీతంతో నింపేస్తున్నారు. ఒక ఈగ, గాలికి కొట్టుకునే తలుపు రెక్క చాలు.

ఇట్లు,
ఒక స్క్రిప్టు రచయిత