ల్యాప్‌టాప్ చోరీకి ముందే చేసుకోవలసిన పనులు

సంపాదకులు గారికి,

నమస్కారం. సెల్‌ఫోన్ పోతే ఏం చేయాలో పత్రికల్లో తరచూ చదువుతుంటాం గాని, ల్యాప్‌టాప్ విషయం అంతగా ప్రస్తావనకు రాదు. నిరుడు రైలు ప్రయాణంలో తల దగ్గర పెట్టుకుని పడుకున్న నా సంచి తెల్లవారేసరికి మాయమైంది. ఫిర్యాదు రాసుకుంటున్న అధికారి మొట్టమొదట అడిగింది ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు. అది ల్యాప్‌టాప్ అడుగున అంటించిన చీటీ మీద ఉంది. ఆ చీటీ ల్యాప్‌టాప్‌తోపాటే వెళ్లిపోయింది. ఆ తర్వాత తెలుసుకున్న సంగతులు, ముందే తెలిసి ఉంటే బాగుండేదనిపించినవి, తోటి పాఠకులతో పంచుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఫోన్‌కు 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య ఉంటుంది కనుక, దాని ఆధారంగా మొబైల్ నెట్‌వర్క్‌లు ఆ ఫోన్ పనిచేయకుండా ఆపగలవు. సిమ్ వేసుకునే వీలున్న కొన్ని మోడళ్లను మినహాయిస్తే ల్యాప్‌టాప్‌కు అటువంటి సంఖ్య లేదు. దొంగ దగ్గర పది ల్యాప్‌టాప్‌లు పట్టుబడితే అందులో ఒకటి మనదని నిరూపించుకోవడానికి తయారీదారు ఇచ్చిన సీరియల్ నంబరును మించిన ఆధారం ఉండదు. అది కొన్నప్పటి పెట్టె మీదా, చాలాసార్లు బిల్లు మీదా ఉంటుంది. వాటిని ఫొటో తీసి, ఆ ఫొటోను ల్యాప్‌టాప్‌లో కాకుండా మరెక్కడైనా దాచుకుంటే చాలు. రెండు నిమిషాలు పట్టే ఈ పనిని నేను నాలుగేళ్లు వాయిదా వేశాను.

పోయిన ల్యాప్‌టాప్ ఎక్కడుందో చూపించే సదుపాయాల మీద మనం పెట్టుకునే ఆశ వాటి శక్తికి మించినది. విండోస్‌లో 'ఫైండ్ మై డివైస్' ఉన్నమాట నిజమే. అయితే ల్యాప్‌టాప్ మైక్రోసాఫ్ట్ ఖాతాతో ముడిపడి ఉండాలి, లొకేషన్ సదుపాయం ముందే ఆన్ చేసి ఉండాలి, చోరీ తర్వాత అది ఇంటర్నెట్‌కు తగలాలి. పైగా చాలా ల్యాప్‌టాప్‌లలో జీపీఎస్ ఉండదు. చుట్టుపక్కల వినిపించే వైఫై సంకేతాలను బట్టి తానున్న చోటును అంచనా వేసుకుంటుంది, అవి లేకపోతే ఐపీ చిరునామాను (ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే సంఖ్యను) బట్టి ఏ ఊరో చెప్పగలదేమో గాని ఏ ఇల్లో చెప్పలేదు. ఆపిల్ 2019లో తెచ్చిన పద్ధతి కొంత మెరుగు: ఇంటర్నెట్ లేకపోయినా మ్యాక్‌బుక్ విడుదల చేసే బ్లూటూత్ సంకేతాన్ని దగ్గర్లోని ఇతరుల ఆపిల్ పరికరాలు అందుకుని యజమానికి చేరవేస్తాయి. ప్రే వంటి, జాడ కనిపెట్టే సాఫ్ట్‌వేర్లను విడిగా వేసుకోవచ్చు. కాని దొంగ డిస్క్‌ను తుడిచేసినా, మార్చేసినా డిస్క్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ దానితోపాటే పోతుంది. దీనికి విరుగుడుగా, డిస్క్‌లో కాక మదర్‌బోర్డు చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్ అనే ప్రాథమిక సాఫ్ట్‌వేర్‌లోనే పాతుకుని ఉండే ఏర్పాటు కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లలో ఉంది గాని, దాన్ని ఎక్కువగా వాడేది సంస్థలే.

ఇక్కడే ఒక చిక్కుంది. చాలావరకు ల్యాప్‌టాప్ జాడ తెలియాలంటే దొంగ చేతిలో అది తెరుచుకుని ఇంటర్నెట్‌కు తగలాలి. అందులోని సమాచారం భద్రంగా ఉండాలంటే అది తెరుచుకోకూడదు. అందుకే పాస్‌వర్డ్ లేని గెస్ట్ ఖాతా ఒకటి దొంగకు ఎరగా వదిలిపెట్టమని లోగడ కొందరు సలహా ఇచ్చేవారు. రెండింటిలో ఒకటే ఎంచుకోవలసి వస్తే సమాచారాన్నే కాపాడుకోవాలని నా అభిప్రాయం. 2006 మే నెలలో అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ ఉద్యోగి ఇంట్లో దొంగలు పడి, సుమారు 2 కోట్ల 65 లక్షల మంది వివరాలున్న ల్యాప్‌టాప్‌ను, హార్డ్ డిస్క్‌ను ఎత్తుకెళ్లారు. ఆ వివరాలకు ఎన్‌క్రిప్షన్ (రహస్య కీ లేనివారు చదవలేని రూపంలోకి మార్చడం) లేదు. పరికరాలు కొద్ది వారాల్లోనే దొరికాయి, వివరాలను ఎవరూ చూసినట్టు లేదని దర్యాప్తులో తేలింది. అయినా దావాల పరిష్కారానికి ఆ శాఖ 2009లో 2 కోట్ల డాలర్లకు ఒప్పుకోవలసి వచ్చింది.

లాగిన్ పాస్‌వర్డ్ ఉంది కదా అన్న ధీమా చాలామందిలో చూశాను, నాకూ ఉండేది. డిస్క్‌ను ఊడదీసి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే ఆ పాస్‌వర్డ్‌తో పనే లేకుండా ఫైళ్లన్నీ చదవవచ్చు. దాన్ని అడ్డుకునేది డిస్క్ మొత్తానికీ చేసే ఎన్‌క్రిప్షన్ ఒక్కటే: విండోస్‌లో బిట్‌లాకర్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్, లినక్స్‌లో లక్స్. మామూలుగా డిస్క్ తెరుచుకోనప్పుడు వాడుకోవడానికి బిట్‌లాకర్ ఇచ్చే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి ఆ ల్యాప్‌టాప్ సంచిలోనే పెట్టుకునేవారూ ఉన్నారు. అది తాళం చెవిని తలుపుకే వేలాడదీయడం. ఇంకో సంగతి. ల్యాప్‌టాప్‌ను మూత వేసి నిద్రావస్థలో వదిలితే ఎన్‌క్రిప్షన్ కీ ర్యామ్ అనే తాత్కాలిక మెమరీలోనే ఉండిపోతుంది. కరెంటు తీసేసిన తర్వాత కూడా ర్యామ్‌లోని సమాచారం కొద్దిసేపు నిలుస్తుందని, చల్లబరిస్తే మరింత సేపు నిలుస్తుందని ప్రిన్స్‌టన్ పరిశోధకులు 2008లో చేసి చూపించారు. మామూలు దొంగ అంత శ్రమ పడడనుకోండి. అయినా ప్రయాణాల్లో పూర్తిగా షట్‌డౌన్ చేయడం మంచిది.

పోయిందని తెలిసిన వెంటనే మరో పరికరం నుంచి మొదట ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చాలి. మిగతా ఖాతాలన్నిటి పాస్‌వర్డ్‌లను మార్చుకునే దారి ఆ ఈమెయిలే గనుక ఈ వరుస ముఖ్యం. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన అన్నిచోట్లా లాగిన్ తెగిపోతుందని నమ్మలేం కాబట్టి 'అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్' అన్న సదుపాయాన్ని కూడా వాడాలి. ఆ తర్వాత బ్యాంకు ఖాతాలు, ఉద్యోగులైతే కార్యాలయానికి సమాచారం, పోలీసు ఫిర్యాదు. దూరం నుంచి లాక్ చేసే వీలుంటే వెంటనే చేయాలి. డిస్క్‌ను చెరిపివేసే ఆదేశాన్ని మాత్రం చివరిదాకా ఆపుకోవాలి, ఎందుకంటే చెరిపేశాక జాడ తెలిసే అవకాశం చాలావరకు పోతుంది. మ్యాప్ మీద చుక్క కనిపించింది కదా అని స్వయంగా వెళ్లి తలుపు తట్టడం ప్రమాదకరం. ఆ అంచనాలో తేడా ఉండవచ్చు, తట్టిన తలుపు ఏ పాపమూ ఎరుగని వారిదీ కావచ్చు. ఆ వివరాన్ని పోలీసులకే ఇవ్వాలి.

గ్రంథాలయంలో బల్లకు కట్టే ఇనుప తాడు తాళాలు, బ్యాకప్‌లు తెలిసినవే. కొన్ని పలుచని ల్యాప్‌టాప్‌లలో తాళం బిగించే గాడి ఉండదన్నది మాత్రం కొనేముందే చూసుకోవాలి. బ్యాకప్ డిస్క్‌ను ల్యాప్‌టాప్‌తో ఒకే సంచిలో మోసిన నేను రెండూ ఒకేసారి పోగొట్టుకున్నాను.

మీ పత్రిక ద్వారా విక్రేతలకు ఒక విన్నపం. ల్యాప్‌టాప్ అప్పగించేటప్పుడు బిల్లు మీద సీరియల్ నంబరు స్పష్టంగా రాయాలి, ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందో లేదో కొనుగోలుదారు ఎదుటే తెరిచి చూపించాలి. రికవరీ కీ ఎక్కడ భద్రపడుతుందో అప్పుడే చెప్పాలి. వాడిన ల్యాప్‌టాప్‌లను కొని అమ్మేవారు పాత బిల్లు అడగకుండా, నంబరు సరిచూడకుండా కొనడం మానాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు