2025–26 వార్షిక నివేదిక: ఉగాది పచ్చడి నుంచి బ్యారన్ గారి కోట దాకా

మన బెంగళూరు తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలన్నది నియమం కాబట్టి రాస్తున్నాను, చదివేటప్పుడు వెనక వరసవాళ్లు కాస్త కబుర్లు ఆపితే సంతోషం. ఉగాది, వినాయక చవితి, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే బాగా జరిగాయి, ఫొటోలు గ్రూపులో ఉన్నాయి. పచ్చడి కలిపిన పిన్నిగార్లకు, వ్యాన్ మాట్లాడిపెట్టిన కె.ఆర్.పురం అన్నయ్యకు, విస్తళ్లు ఎత్తిన కుర్రాళ్లకు చాలా థాంక్స్. పేర్లు రాస్తే ఎవరిదో ఒకరిది తప్పిపోతుంది, ఏడాదంతా వినాల్సొస్తుంది, అందుకే రాయలేదు.

ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవాల్సింది జనవరిలో పెట్టిన వీడియో గేమ్స్ రోజు గురించే. పిల్లలు ఫోన్లు వదలట్లేదు మొర్రో అంటుంటే సంఘమే గేములు ఆడించడమేంటని కమిటీలోనే గొడవైంది. మనం పెట్టింది కనిపించినవాణ్ణల్లా కాల్చే గేములు కాదు, రోల్ ప్లేయింగ్ గేములు. ఒక మనిషి పాత్రలోకి దూరి, వాడికి తెలిసినంతే తెలుసుకుంటూ, వాడి తరఫున మనమే నిర్ణయాలు తీసుకోవాలి, ఫలితం కూడా మనమే అనుభవించాలి. ఇది కమిటీకి అర్థమయ్యేసరికి రెండు మీటింగులు పట్టింది. ఇక హాల్ పర్మిషన్ ఇచ్చే పెద్దమనిషికైతే చివరిదాకా అర్థం కాలేదు. గేమ్ అనగానే రమ్మీ అనుకున్నారు. 2025 ఆగస్టులో పార్లమెంటు నిషేధించింది డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని, మావి అవి కావు సార్ అని ఎంత చెప్పినా "రేపు రండి" అన్నారు, ఆ రేపు చాలాసార్లు వచ్చింది.

సరే, ఆ రోజు సంగతి. 2015లో పోలండ్‌వాళ్లు తీసిన ది విచర్ 3 గేమ్‌లో ఒక బ్యారన్, అంటే జమీందారులాంటివాడి కథ ఉంది, దాన్ని ముందే సేవ్ చేసి పెట్టుకున్న చోటి నుంచి పెద్ద తెర మీద ఆడించాం. పెద్దవాళ్లకు మాత్రమే, పిల్లల్ని పక్క గదిలో క్యారమ్స్‌కి పంపేశాం. బ్యారన్ తాగుబోతు, పెళ్లాన్ని కొట్టాడు, ఆవిడా కూతురూ ఇల్లు వదిలి పోయారు, ఇప్పుడు వాళ్లని వెతికిపెట్టమని మన హీరోని బతిమాలతాడు. మొదట్లో అందరూ వాణ్ణి తిట్టారు. కడుపులోనే చనిపోయిన బిడ్డని పేరు కూడా పెట్టకుండా పూడ్చారని, అది దయ్యమై తిరుగుతోందని తెలిసి, వాడే దాన్ని చేతుల్లో ఎత్తుకుని పేరు పెట్టి గడప కింద పాతే సీను వచ్చేసరికి తిట్లు ఆగిపోయాయి. తర్వాత కొండ కింద బందీగా ఉన్న ఆత్మని విడిపించాలా, చంపాలా అన్న చోట చేతులెత్తించాం. విడిపిస్తే ఆ దగ్గర్లోని అనాథ పిల్లలు బతుకుతారంటోంది, దాన్ని నమ్మొచ్చో లేదో తెలీదు. రిటైరైన మాస్టారొకరు "పిల్లల ముందు ఏదైనా దిగదుడుపే" అన్నారు, హాలంతా అటే. విడిపించాం. పిల్లలు బతికారు, కానీ ఒక ఊరు ఊరంతా పోయింది, బ్యారన్ భార్య పోయింది, బ్యారన్ ఉరేసుకున్నాడు. మాస్టారు లేచి "ఇటు పిల్లలూ అటు బ్యారన్ దంపతులూ బతికే బటన్ ఎక్కడుంది?" అని అడిగారు. ఈ రెండు దారుల్లో లేదండీ అంటే టీ తాగకుండానే వాదనకి దిగారు. సీరియల్లో ఇదే జరిగితే రచయితని తిట్టి టీవీ కట్టేస్తాం, ఇక్కడ చెయ్యెత్తింది మనమే కదా!

రెండోది కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్, 2018లో వచ్చింది, 1403 నాటి బొహీమియాలో, అంటే ఇప్పటి చెక్ దేశంలో జరుగుతుంది. హీరో కమ్మరి కొడుకు, చదువు రాదు. పుస్తకం తెరిస్తే తెర మీద అక్షరాలన్నీ తారుమారై కనిపిస్తాయి, రాతగాడి దగ్గరకెళ్లి నేర్చుకుంటేనే మాటలు కుదురుకుంటాయి. "మా అమ్మకి ఉత్తరం ఇలాగే కనిపించేదేమో" అంది మహదేవపుర పిన్ని. దీన్నే ఇమ్మర్షన్, అంటే ఆ లోకంలో మునిగిపోవడం అంటారని నేను పావుగంట మాట్లాడదామని రాసుకొచ్చిన కాగితం జేబులోనే ఉండిపోయింది.

1998 నాటి థీఫ్ కూడా కాసేపు ఆడించాం, ఇది అచ్చంగా రోల్ ప్లేయింగ్ కాదు, చాటుగా దూరి దొంగతనం చేసే గేమ్. అందులో తివాచీ మీద నడిస్తే చప్పుడు రాదు, పలకల మీద నడిస్తే కాపలావాడు తిరుగుతాడు, నీటి బాణం వేస్తే కాగడా ఆరిపోతుంది. ఎటు వెళ్లాలో ఎవరూ బాణం గుర్తులు వెయ్యరు, మన బుర్రే దిక్కు. బొమ్మలు ముతకగా ఉన్నా కుర్రాళ్లు కదల్లేదు. అలాగని రోల్ ప్లేయింగ్ గేములన్నీ గొప్పవని కాదు, మ్యాప్ నిండా గుర్తులు చల్లి గంటల కొద్దీ ఏరుకోమనే చెత్త బోలెడుంది, అలాంటివి వద్దనే అన్నాం. 2019 నాటి డిస్కో ఎలీజియం ఈసారి టైమ్ చాలక ఆగిపోయింది. ఫైటింగ్ దాదాపు లేదు, మాటలూ పాచికలే, పాచిక ఓడినా కథ ఆగదు, ఇంకో తిప్పు తిరుగుతుంది. ఇంగ్లిష్ మరీ ఎక్కువని కొందరి భయం, పక్కన తెలుగులో చెప్పడానికి ఒకరు కూర్చుంటే చాలు.

కూర్చునేవాళ్లే లేరు, అదీ సమస్య. గ్రూపులో పేర్లిచ్చిన వాలంటీర్లలో సగం మంది ఆ రోజు ఉదయం "సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం" అన్నారు, వాళ్లలో ఇద్దరి ఇల్లు మాత్రం మన పక్క వీధే. చివరికి ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకి పరుగెత్తి కేబుల్ తెచ్చింది కోశాధికారి గారే, అరవై దాటిన మనిషి. సౌండ్ బాక్సులిచ్చిన మారతహళ్లి బావగారికి, కరెంటు పోయినప్పుడు జనరేటర్ వేయించిన వాచ్‌మన్ అన్నకు ప్రత్యేక ధన్యవాదాలు.

జమాఖర్చులు వెనక పేజీలో ఉన్నాయి, ఆడిటర్ గారు చూశారు, కాస్త మిగులే. చందా కట్టనివాళ్లు ఎవరో వాళ్లకే తెలుసు.

వచ్చే ఏడాది కార్యదర్శి పదవికి పేర్లు ఈ సమావేశంలోనే ఇవ్వండి, నాకిక ఓపిక లేదు. ఇచ్చేవాళ్లు పని కూడా చేస్తారని రాసి సంతకం పెట్టాలని కమిటీ తీర్మానించింది. జనవరిలో గేములాడే కంట్రోలర్ ఒకటి ఎవరి సంచిలోనో వెళ్లిపోయింది, దయచేసి ఆఫీసు గదిలో ఇచ్చెయ్యండి, ఏమీ అడగం.