రానివాళ్ళ పేర్లు కొట్టెయ్యకు తల్లీ

పెరంబూరు, చెన్నై
శుక్రవారం రాత్రి

చిట్టితల్లికి అమ్మ ఆశీస్సులు.

ఆదివారం ఫోన్లో మాట్లాడుతుంటే నీ గొంతు పూడుకుపోయింది. శనివారం నీ క్లినిక్‌లో ఇరవైమందికి టైమిస్తే ఏడుగురు రాలేదన్నావు. జ్వరంతో ఉన్న పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఓ తండ్రి వస్తే, స్లాటు లేదని మీ కౌంటరు అమ్మాయి పంపించేసిందట. ఆ తర్వాత నలభై నిమిషాలు నువ్వు ఖాళీగా కూర్చున్నావట. డబ్బు కంటే ఆ పిల్లాడి సంగతే నిన్ను ఎక్కువ కుదిపేసిందని నాకు అర్థమైంది. రాకపోతే మూడొందలు, రెండుసార్లు రాకపోతే పేరు తీసేస్తాం అని బోర్డు రాయిస్తానన్నావు. ఆ బోర్డు ఒక్క నెల ఆపు. ఫోన్లో చెప్పబోతే పేషెంటు వచ్చారని పెట్టేస్తావు, అందుకే ఈ ఉత్తరం.

ఇక్కడ డాక్టరుగారి దగ్గర ఇరవై ఆరేళ్ళు కౌంటరు చూసినదాన్ని. రానివాళ్ళ పేరు పక్కన ఎర్ర పెన్నుతో సున్నా చుట్టడం నా పనుల్లో ఒకటి. మొదటి రెండేళ్ళు సున్నా చుట్టి ఊరుకున్నాను, ఎందుకు రాలేదని ఒక్కరినీ అడగలేదు. ఆ తప్పు ఇప్పటికీ బాధ పెడుతుంది.

స్టేషన్ దగ్గర ఇడ్లీలు అమ్మే ఆవిడ ఒకావిడ ఉండేది, చిత్తూరు వైపు మనిషి. షుగరు. పదకొండింటికి పరగడుపున రమ్మని చీటీ రాసిస్తే వరసగా మూడుసార్లు రాలేదు. పేరు కొట్టెయ్యమన్నారు డాక్టరుగారు. ఆ రోజే కిటికీలోంచి చూద్దును కదా, ఎదురుగా టీకొట్టు పక్కన నిలబడి ఉంది. చంకలో జవుళికొట్టు సంచి, అందులో పాత రిపోర్టులు. మన గేటు వంక చూసింది, కొంగుతో మూతి తుడుచుకుంది, వెనక్కి తిరిగింది. నేను చెప్పుల్లేకుండానే పరిగెత్తాను. "మూడింటికి లేచి పొయ్యి ముట్టిస్తానమ్మా. తొమ్మిదయ్యేసరికి కళ్ళు తిరుగుతాయి, రెండిడ్లీలు నోట్లో వేసుకుంటాను. తినేసి వస్తే డాక్టరుగారు తిడతారు కదా" అంది. ఆ మూడుసార్లూ గేటు దాకా వచ్చి వెళ్ళిపోయిందట తల్లీ! డాక్టరుగారికి చెబితే కాసేపు మాట్లాడలేదు. పరగడుపు అక్కర్లేని హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష రాసి, అమ్మకం అయ్యాక మూడింటికి రమ్మన్నారు. రెండు మూడు నెలల షుగరు సగటు అందులో తెలిసిపోతుంది కదా. ఆవిడ మళ్ళీ ఎప్పుడూ మానలేదు.

అప్పటినుంచి మర్నాడు పొద్దున్నే ఫోన్ చెయ్యడం మొదలుపెట్టాను. "నిన్నెందుకు రాలేదు" అని అడగకూడదు. "నిన్న మీకోసం చూశాం, ఒంట్లో ఎలా ఉంది" అనాలి. అలా అడిగితే నోరు విప్పుతారు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా మనకి సగం ఖాళీగా ఎందుకుండేదో అలాగే తెలిసింది. అది రాహుకాలం. కొత్తగా వైద్యం మొదలుపెట్టేవాళ్ళు ఆ వేళకి గడప దాటరు. అమావాస్య ఇక్కడి తమిళులకి మంచిరోజు, మనవాళ్ళకి పనికిరాదు. ఆ వేళల్లో రిపోర్టులు చూపించుకునేవాళ్ళని వేసుకున్నాం, సరిపోయింది. బెంగళూరులో నీ మారతహళ్ళిలో కారణాలు వేరే ఉంటాయి. పీజీ హాస్టల్లో పిల్లలకి రెండో రోజుకే జ్వరం తగ్గిపోతుంది, వాళ్ళు రాకపోవడం న్యాయమే. ఒక మాట చెప్పలేదంతే. చెప్పే దారి సులువుగా ఉందా మరి? మీ నంబరు ఎప్పుడూ ఎంగేజే, నాకే దొరకదు. ఇంకో నంబరు తీసుకుని, "రాలేకపోతే దీనికి మిస్డ్ కాల్ ఇవ్వండి చాలు" అని చీటీ మీద రాయించు. ముసలివాళ్ళ దగ్గర కోడలి నంబరు కూడా తీసుకోండి. నువ్వు పంపే మెసేజీలు కొడుకు జేబులో ఫోనుకి పోతాయి, ఆయన ఆఫీసులో ఉంటాడు.

తర్వాతి తేదీ నీ కౌంటరు అమ్మాయి రాసివ్వకూడదు, పేషెంటు చేతే రాయించాలి. రాయడం రానివాళ్ళయితే పైకి చెప్పించాలి. ఇది నా అలవాటు. ఇంగ్లండులో కూడా ఇలాగే రాయించి చూస్తే రానివాళ్ళు తగ్గారని 2012లో అచ్చయిందట, మీ అన్నయ్య చెప్పాడు. బయటి దేశాల్లో జరిమానా వేస్తారు కదా అన్నావు. ఆ ఇంగ్లండులోనే రిషి సునాక్ 2022లో ప్రధాని పదవికి పోటీపడుతూ రానివాళ్ళకి పది పౌండ్లు వేద్దామన్నాడు, ఆ ఏడే ఆ మాట వదిలేశాడు. మన దగ్గర మూడొందలు బాకీ ఉన్న మనిషి నీ మెట్లెక్కడు. మందులషాపుకి పోయి పాత చీటీ చూపించి అవే మాత్రలు కొనుక్కుంటాడు. బీపీ ఎంతుందో ఎవరు చూస్తారు?

చేతుపేటలో క్షయ మీద పరిశోధన చేసే సంస్థ ఉంది కదా, 1956లో పెట్టారు. శానటోరియంలో, అంటే క్షయ ఆసుపత్రిలో, పడుకోబెట్టి ఇచ్చే మందులే ఇంట్లో ఉంచి ఇచ్చినా దాదాపు అంతే బాగా నయమవుతుందని 1959లో లోకానికి చూపించింది వాళ్ళే. ఈ మద్రాసు పేటల్లోని పేదవాళ్ళతోనే. మాత్రలు తెచ్చుకున్నంత మాత్రాన మింగుతున్నారని వాళ్ళు అనుకోలేదు. చెప్పకుండా ఇంటికెళ్ళి మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవారు. నేను పనిలో చేరిన రోజున డాక్టరుగారు చెప్పిన మొదటి కథ అదే. ఎందుకో ఆ కథ ఇంకా చెవిలో ఉంది.

ఏడుగురికీ ఒకేలా ఫోన్ చేసే ఓపిక లేకపోతే, ముందు కాలిపుండున్న షుగరు వాళ్ళకి, గర్భిణులకి, బీపీ మాత్ర కొత్తగా మార్చినవాళ్ళకి, మూర్ఛ మందు వాడేవాళ్ళకి చెయ్యి. ఆరు వారాల టీకాకి రాని తల్లికి కూడా. ఆలస్యమైతే మళ్ళీ మొదట్నుంచి పొడుస్తారని భయపడి ఇంట్లోనే ఉండిపోతారు. ఆగిన చోటినుంచే వేస్తారని చెబితే ఆ సాయంత్రమే వస్తారు, నేను చూశాను.

మూడుచోట్ల టైం తీసుకుని ఎక్కడ ముందు పిలిస్తే అక్కడికి పోయేవాళ్ళూ ఉంటారు, లేరనను. వాళ్ళ దగ్గర ముందే ఫీజు కట్టించుకో, మొహమాటపడకు. కానీ వాళ్ళని బట్టి అందరికీ బోర్డు కట్టకు. గంటకో స్లాటు ఎవరికీ ఇవ్వకుండా ఉంచు. ఆ తండ్రి లాంటివాళ్ళు వస్తే వెనక్కి పంపక్కర్లేదు.

వచ్చే గురువారం బృందావన్ రైల్లో వస్తున్నాను. మీ నాన్నకి రెండు రోజుల కూరలు చేసి పెట్టి వస్తాను. గత నెల రానివాళ్ళ జాబితా తీయించి పెట్టు. ఫోన్లు మీ కౌంటరు అమ్మాయే చేస్తుంది, కన్నడం తనకే వచ్చు. నేను పక్కన కూర్చుంటాను. ఆ తండ్రి నంబరు ఏమైనా రాసుకుందేమో అడుగు, మొదటి ఫోను ఆయనకే చేయిద్దాం.

వేళకి తిను.

మీ అమ్మ