దుప్పట్లు సరే, కూలి సంగతేంది?

కాజీపేట

బిడ్డా,

ఆదివారం ఫోన్‌లోనే జవాబు చెప్పేవాణ్ణి గానీ, స్పీకర్ ఆన్ చేసి ఉంది, మీ అమ్మ మాటమాటకూ అడ్డం పడుతోంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

కంపెనీ తరఫున నువ్వు చూసుకునే సైట్‌లో, ఒడిశా నుంచి కూలికి వచ్చినవాళ్లందరికీ దుప్పట్లు పంచానన్నావు. క్రిస్మస్‌కు కేకు కోసి, వాళ్ల కోసం ప్రార్థన కూడా చేశానన్నావు. అయినా వాళ్లు ముభావంగానే ఉన్నారని బాధపడ్డావు. ఆ తర్వాత గొంతు తగ్గించి, నెలన్నర నుంచి కాంట్రాక్టర్ తిండి ఖర్చులకు తప్ప కూలి డబ్బులు ఇవ్వలేదన్నావు. "అది నా పరిధిలో లేదు కదా బాపూ, నాకు చేతనైన ప్రేమ నేను చూపిస్తున్నాను" అన్నావు చూడు, ఆ మాట మీదే నాకు పేచీ.

దుప్పట్లు పంచినందుకు తప్పు పట్టడం లేదు. చలికి వణికేవాడికి ముందు దుప్పటే కావాలి. కానీ కూలి చేతిలో పడి ఉంటే ఆ దుప్పటి వాళ్లే కొనుక్కునేవాళ్లు, నచ్చిన రంగు చూసుకుని మరీ.

"నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అని సండే స్కూల్లో నీ చేత కంఠతా పట్టించారు. యేసు ప్రభువు ఆ మాటను ఎత్తి చెప్పింది బైబిల్ పాత నిబంధనలోని లేవీయకాండం 19వ అధ్యాయం 18వ వచనం నుంచి. ఈ రాత్రికి ఆ అధ్యాయం మొదటి నుంచి చదువు. పొలం అంచుల దాకా కోసుకోవద్దు, పరిగె ఏరుకోవద్దు, అది బీదలకూ పరదేశులకూ వదిలెయ్యమని 9, 10 వచనాల్లో ఉంది. కూలివాడి కూలి మర్నాటి దాకా నీ దగ్గర ఉంచుకోవద్దని 13వ వచనం. మర్నాటి దాకా! మీ కాంట్రాక్టర్ నెలన్నర ఉంచుకున్నాడు. ఇంకా కిందికి వస్తే 17లో, పొరుగువాడి మీద మనసులో పగ పెట్టుకోవద్దు, తప్పు చేస్తే గద్దించు, లేకపోతే ఆ పాపం నీ మీదికి వస్తుందని ఉంటుంది. ఇవన్నీ అయ్యాక 18లో ప్రేమ మాట. అక్కడితో ఆగలేదు. 34వ వచనంలో, పరదేశిని కూడా నిన్నువలె ప్రేమించు, ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, మీరూ పరదేశులే కదా అని ఇశ్రాయేలీయులకు గుర్తు చేస్తాడు దేవుడు. మనవాళ్లేమో 18ని క్యాలెండర్ల మీద అచ్చేయించి, 13 జోలికి పోరు.

మీ తాత సంగతి నీకు కొంత తెలుసు. నిజాం కాలంలో, మీసాలు కూడా రాని వయసులో, దొర దగ్గర జీతానికి కుదిరాడు. దొర చెడ్డవాడని ఆయన ఏనాడూ అనలేదు. పండుగకు ధోవతి పెట్టేవాడట, జ్వరమొస్తే మందిప్పించేవాడట. ఏడాది చివర లెక్క మాత్రం ఎప్పుడూ తేలేది కాదు. ధోవతి ఖర్చు కూడా అప్పులోనే రాసేవాళ్లని తర్వాతెప్పుడో తెలిసిందట. ఐగుప్తులో బానిసలై ఇటుకలు చేసిన ఇశ్రాయేలీయుల కథ గుడిలో చదువుతుంటే మీ తాత కళ్లు మూసుకుని వినేవాడు. ఆయనకు అది పాత నిబంధన కాదు, సొంత ఊరు.

డోర్నకల్ గుడిని నువ్వు చిన్నప్పుడు చూశావు. అది కట్టించిన బిషప్ అజరయ్య తమిళ దేశం నుంచి వచ్చినవాడు. 1912లో బిషప్ అయ్యాడు, ఇంగ్లండు చర్చి సంప్రదాయానికి చెందిన ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు. దానికి రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడాడు. ఎదురుగా ఉన్నది దేశదేశాల నుంచి వచ్చిన తెల్ల మిషనరీలు. మీరు మీ ఆస్తిని బీదలకు పంచారు, మీ శరీరాలను కాల్చడానికి అప్పగించారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడు. హాల్లో కొందరికి ఒళ్లు మండింది. ఇంత చేసినా ఇంకా అడుగుతాడా అనుకున్నారు. మీ సైట్‌లో ముభావంగా ఉన్నవాళ్లను చూసి నువ్వూ దాదాపు అదే అనుకున్నావు కదూ?

మాల, మాదిగ అని లేకుండా అందరినీ ఒకే బల్ల దగ్గరికి తేవాలని ఆయన చాలా తంటాలు పడ్డాడు. సంఘంలో ఎలక్షన్లు వస్తే మనవాళ్లు వేసే లెక్కలు నీకు తెలియనివి కావు, ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తాను.

ఇదంతా చెబితే మీ పాస్టర్ గారు "కమ్యూనిజం" అంటారన్నావు. మన వరంగల్ వైపు న్యాయం అన్నవాణ్ణి ఏదో ఒక పార్టీ ఖాతాలో రాయడం కొత్తేమీ కాదు. పెరూ దేశంలో గుస్తావో గుతియెర్రెస్ అనే ఫాదర్‌ను కూడా అలాగే అన్నారు. లిమా నగరంలో బీదల మధ్య పని చేస్తూ, 1971లో విమోచన దైవశాస్త్రం మీద పుస్తకం రాశాడు. పేదరికం దేవుడు రాసిన రాత కాదు, మనుషులు కట్టిన ఏర్పాటు, కాబట్టి దాన్ని మార్చే పని కూడా విశ్వాసంలో భాగమే అన్నాడు. 1984లో వాటికన్ ఈ ఆలోచనా ధోరణిలోని మార్క్సిజం పాలును విమర్శిస్తూ ఒక పత్రం వెలువరించింది. ఆ విమర్శను నేను పూర్తిగా తోసెయ్యను. బీదవాడు గనుక అబద్ధమాడడు అనుకుంటే లెక్క తప్పుతుంది. బీదవాడని పక్షపాతం చూపొద్దు, గొప్పవాడని మొగ్గొద్దు అని అదే అధ్యాయం 15వ వచనంలో ఉంది. కానీ మీ సైట్‌లో చూడు. కాంట్రాక్టర్ మాట వినడానికి ఆఫీసుంది, నువ్వున్నావు. వాళ్ల గోడు తెలుగులో చెప్పడానికి మేస్త్రీ ఒక్కడే, అతనూ కాంట్రాక్టర్ మనిషే. ముందు వాళ్ల మాట వినడం పక్షపాతం అవుతుందా?

పైవాళ్ల ఆర్డర్ అని కూడా అన్నావు. ఎల్ సాల్వడార్‌లో ఆర్చిబిషప్ రొమెరో 1980 మార్చి 23న ప్రసంగిస్తూ, దేవుని ఆజ్ఞకు విరుద్ధమైన ఆర్డర్‌కు ఏ సైనికుడూ కట్టుబడనక్కర్లేదు, జనాన్ని చంపడం ఆపండి అన్నాడు. మర్నాడు ఆస్పత్రి చాపెల్‌లో పూజ చేస్తుండగా కాల్చి చంపారు. 2018లో పునీతుడని ప్రకటించారు. నిన్ను అంత దూరం పొమ్మనడం లేదు. నీ ముందున్నది తుపాకీ కాదు, ఒక కూలి రిజిస్టర్.

దాని సంగతి నాకు బాగా తెలుసు. ట్రాక్ పనికి కాంట్రాక్ట్ లేబర్ వచ్చినప్పుడు, కూలి పంచే చోట రైల్వే తరఫున నిలబడింది నేనే. 1970 నాటి కాంట్రాక్ట్ కార్మికుల చట్టం అలా ఉండమంది. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవాలి, డబ్బు లెక్కపెట్టి చేతికివ్వాలి, వేలిముద్ర పడాలి. ప్యాడ్ ఎండిపోతే ఓ నీటి చుక్క వేసేవాళ్లు. ముద్ర వేసి ఆ వేలిని తల వెంట్రుకలకు తుడుచుకుని పక్కకు పోయేవాళ్లు. అంతా అయ్యాక నా సమక్షంలో చెల్లించారని నేను రాసి సంతకం పెట్టాలి. "మేస్త్రీకి ఇచ్చేస్తాం సార్, వాళ్లలో వాళ్లు పంచుకుంటారు" అనేవాడు కాంట్రాక్టర్ మనిషి. ఒక మహా ముసలాయన తన వంతు తీసుకుని నాలుగుసార్లు లెక్కపెట్టుకునేవాడు. వెనకాల లైన్లో అందరూ విసుక్కున్నా ఆయన ఆపేవాడు కాదు.

కాంట్రాక్టర్ ఎగ్గొడితే అసలు కంపెనీయే కూలి కట్టి, అతని బిల్లులో కోసుకోవాలి. లేబర్ కోడ్‌లు వచ్చాక ఫారాలు, పేర్లు మారాయి గానీ ఆ బాధ్యత పోలేదు. అది కంపెనీ పరిధిలో ఉంది, సైట్‌లో కంపెనీ అంటే నువ్వే.

ముందు కాంట్రాక్టర్‌తో నువ్వే మాట్లాడు, నలుగురిలో కాదు, పక్కకు పిలిచి. పైనుంచి అతనికే బిల్లు రాలేదేమో, అదీ అడుగు. అప్పటికీ తేలకపోతే మేనేజర్‌కు మెయిల్ పెట్టు, నోటి మాట వద్దు. ఉద్యోగానికి ఏ ముప్పూ రాదని నేను చెప్పలేను. మీ అమ్మ అప్పుడే టెన్షన్ పడుతోంది. వస్తే ఇల్లుంది, నా పెన్షన్ ఉంది.

అకౌంట్‌లో వేశామంటే ఎవరి అకౌంట్‌లోనో చూడు. అందరి డబ్బూ మేస్త్రీ పేరు మీదే పడి ఉంటే సంతకం పెట్టకు. ఆడవాళ్ల కూలి వాళ్ల చేతికే అందాలి, మొగుడికిస్తామంటే ఒప్పుకోకు. కాంట్రాక్టర్ ఏమన్నాడో సోమవారం రాత్రి ఫోన్ చేసి చెప్పు. ఈసారి స్పీకర్ ఆన్ చెయ్యనులే.

మీ బాపు