ఆ వైరు మళ్లీ లాగుతున్నాం, ఎందుకో చెబుతాను

మేం వైరింగు చేసిన కొన్ని ఇళ్లలో ఇప్పుడు పవర్ సాకెట్ల లైన్లు విప్పి మళ్లీ వేస్తున్నాం. "తక్కువ రకం వైరు వేశారటగా" అని ఒకరిద్దరు మా కుర్రాళ్ల మొహం మీదే అన్నారు. ఏళ్ల తరబడి మమ్మల్నే పిలుస్తున్న మీరు ఈ సంగతి ఎవరెవరి నోటో వినడం నాకిష్టం లేదు. అందుకే రాస్తున్నాను.

మొదలైంది కాలిన వాసనతో. గీజర్ వేసిన కాసేపటికి సాకెట్ దగ్గర ప్లాస్టిక్ వాసన వస్తోందని, ప్లగ్ ముట్టుకుంటే వేడిగా ఉందని ఒకావిడ ఫోన్ చేశారు. ఇలాంటి కంప్లైంటు వస్తే మేం ముందు చూసేది సాకెట్ వెనక స్క్రూలే. అవి వదులైతే వైరు సరిగ్గా ఆనదు, ఆ ఒక్కచోట రెసిస్టెన్స్ పెరిగి కాలుతుంది. మెయిన్ ఆపి విప్పితే నిజంగానే ఒక టెర్మినల్ నల్లగా మాడి ఉంది. మాడిన కొస కత్తిరించి, రాగి తళతళలాడేదాకా ఒలిచి, కొత్త సాకెట్ బిగించాం. మళ్లీ గీజర్ వేసి చూశాం. సాకెట్ బాగానే ఉంది. కానీ లైను ఆపి దారిలో ఉన్న జంక్షన్ బాక్సు మూత తీస్తే, జాయింటే లేని చోట కూడా వైరు వెచ్చగా తగిలింది. వేడి ఒక్కచోటే ఉంటే అది జాయింటు తప్పు. పొడుగునా ఉంటే మాత్రం వైరునే అనుమానించాలి.

షాపుకొచ్చి, అదే లాటులో మిగిలిన కొత్త కాయిల్ తీసి కొలిచాం. 2.5 స్క్వేర్ ఎంఎం (లోపలి రాగి మందం లెక్క అది) ఫ్లెక్సిబుల్ రాగి వైరు రెసిస్టెన్స్ 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకి 7.98 ఓమ్‌లు దాటకూడదు. అంటే 100 మీటర్ల కాయిల్‌కి 0.8 ఓమ్. మీటరు ప్రోబ్‌లు రెండూ కలిపినప్పుడు వచ్చే అంకె, అంటే మీటరు సొంత తీగల రెసిస్టెన్స్, తీసేశాక కూడా మాకొచ్చింది 1.1. పైన అచ్చేసింది 2.5 అయినా, లోపల ఉన్న రాగి 1.8కి మించదు. అదే కరెంటు పారితే మంచి వైరు కన్నా ఇది మూడో వంతు పైగా ఎక్కువ వేడెక్కుతుంది.

"ఎంసీబీ ఉంది కదా, పడిపోదా?" అని చాలామంది అడిగారు. కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే బోర్డులోని స్విచ్చే ఎంసీబీ. ఎంసీబీకి లోపల వైరు సన్నగా ఉందని తెలియదు. పైగా 20 ఆంప్స్ ఎంసీబీ 20 దాటగానే పడిపోదు. 22.6 ఆంప్స్ దాకా గంటసేపు నిలబడాలి, 29 ఆంప్స్ దగ్గర గంటలోపు పడాలి, ఇళ్లలో వాడే ఎంసీబీల తయారీ లెక్కే అది. అసలైన 2.5 వైరు ఆ మధ్యకాలాన్ని తట్టుకుంటుంది. 1.8 వైరు గోడలో పైపు లోపల రోజూ అలా వేడెక్కుతూ పోతే ఇన్సులేషన్ పెళుసెక్కుతుంది.

ఇక ఆ సరఫరాదారు. ఎన్నో ఏళ్లుగా ఆయన దగ్గరే కొంటున్నాను. మీటరు పట్టుకెళ్లి ఆయన కౌంటరు మీదే కొలిచి చూపించాను. ముందు మీటరు తప్పన్నాడు. ఇంకో మీటరు తెప్పించి కొలిస్తే, ఎండకి రెసిస్టెన్స్ పెరిగిందన్నాడు. పెరుగుతుంది, నిజమే. రాగికి 10 డిగ్రీలకి 4 శాతం దాకా పెరుగుతుంది. ఇక్కడ మూడో వంతు పైన తేడా ఉంటే ఎండ మీదికి నెడతావేంటయ్యా అంటే జవాబు లేదు. ఆఖరికి, "ఎవరికీ రాని కంప్లైంటు నీకే ఎందుకొచ్చింది?" అన్నాడు. ఎవరూ కొలవలేదు కాబట్టి రాలేదు. మిగిలిన కాయిళ్లు వెనక్కి తీసుకుని డబ్బు సర్దుతానన్నాడు. నేను ఇవ్వలేదు. ఇస్తే అవి రేపు ఇంకొకరి గోడలోకి వెళ్తాయి. వాటిని ముక్కలు చేసి రాగి కింద అమ్మేశాను. ఆ గుమ్మం ఇక తొక్కను.

నాకు నిద్ర లేకుండా చేసింది పవర్ లైన్ల సంగతి కాదు. గీజర్, ఏసీ, మోటారు లైన్లు మార్చాల్సిందే, అందులో ఆలోచించడానికేం లేదు. తేలనిది లైట్ల లైన్ల విషయం. అదే లాటులో వచ్చిన 1.5 వైరు కూడా అదే తీరున సన్నగా ఉంది. ఎల్ఈడీ లైట్లకీ ఫ్యాన్లకీ అది చాలినంత చాలుతుంది. కానీ నా చేతుల మీదుగా వేసిన సన్న వైరు మీ గోడలో ఉందంటే నాకు మనసొప్పదు. అంతా పీకేద్దామన్నాను. మా పెద్ద మేస్త్రి వద్దన్నాడు. వైర్లు నిండుగా ఉన్న పైపులో, వంపుల దగ్గర బలంగా లాగితే పక్కనున్న మంచి వైర్ల తొడుగు గీరుకుపోతుంది, లేని జబ్బు తెచ్చిపెట్టినట్టవుతుందన్నాడు. వాదించాను, కోప్పడ్డాను, తర్వాత ఒక ఇంట్లో ఒక లైను లాగి చూసి ఆయన మాటే నిజమని ఒప్పుకున్నాను. కాబట్టి లైట్ల లైన్లు కదిలించకుండా, 10 ఆంప్స్ ఎంసీబీ తీసి 6 పెడుతున్నాం. "ఈ లైను మీద కొత్తగా పవర్ సాకెట్ పెట్టరాదు, ఎంసీబీ పెంచరాదు" అని బోర్డు తలుపు లోపల స్టిక్కర్ అంటిస్తున్నాం. అయినా మార్చమంటారా, మారుస్తాం. దానికీ పైసా అడగం.

ఏ ఇంట్లో ఏ లాటు వైరు వేశామో మా పుస్తకంలో ఉంది. వరస మేమే ఫోన్ చేస్తాం, గీజర్లున్న ఇళ్లు ముందు. మీ వంతు వచ్చేదాకా గీజర్, ఇస్త్రీ పెట్టె ఒకే లైను మీద కలిపి వాడకండి. ప్లగ్ వేడెక్కినా, స్విచ్ దగ్గర చిటపటమన్నా ఆ లైను ఎంసీబీ కిందికి దించి మాకు చెప్పండి. మెయిన్ ఆపకుండా ఎవరూ బోర్డు విప్పొద్దు. కొన్ని గదుల్లో లైట్లు మసకబారి, కొన్నిట్లో మరీ వెలిగిపోతుంటే న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) వదిలినట్టు, క్షణం ఆలోచించకుండా మెయిన్ ఆపేయండి. అది ఈ వైరు గొడవ కాకపోయినా సరే.

ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తుకి లీకైతే లైను తెంపేసే స్విచ్) పడిపోతోందని వచ్చే ఫోన్లకి ఇదే జవాబు: ఎంసీబీలన్నీ దించి ఆర్‌సీసీబీ ఎత్తండి, తర్వాత ఒక్కొక్కటే ఎత్తుతూ రండి. ఏది ఎత్తితే పడిందో ఆ లైను మీది ప్లగ్గులు తీసి చూడండి. అన్నీ దించినా నిలబడకపోతే న్యూట్రల్ ఎక్కడో ఎర్తుకి తగిలి ఉండొచ్చు. ఎందుకంటే చాలా ఇళ్లలో ఎంసీబీ ఫేజునే (కరెంటు వచ్చే వైరునే) తెంపుతుంది, న్యూట్రల్ అలాగే ఉంటుంది. అప్పుడు మమ్మల్ని పిలవండి. ఆర్‌సీసీబీని బైపాస్ చేసి కరెంటిమ్మని మాత్రం అడగొద్దు, ఎంత పాత కస్టమరైనా మేం చేయం.

ఇకనుంచి ప్రతి కాయిల్ షాపులోకి రాగానే కొలుస్తాం. ఆ రీడింగు, లాటు నంబరు మీ బిల్లు మీద రాసిస్తాం. అవి లేకుండా మా వాళ్లు బిల్లిస్తే డబ్బు ఇవ్వకండి.