ప్రైడ్ పరేడ్‌కి పిల్లలతో వచ్చేవాళ్ల గురించీ ఆలోచించండి

సంపాదకుల వారికి నమస్కారం.

మా తమ్ముడు ఏటా ప్రైడ్ పరేడ్‌లో, అంటే స్వలింగ ప్రేమికులూ, ట్రాన్స్‌జెండర్లూ తలెత్తుకుని హక్కుల కోసం చేసే ఊరేగింపులో నడుస్తాడు. తనూ, తన భాగస్వామీ ఒకే ఇంట్లో ఉండబట్టి తొమ్మిదేళ్లవుతోంది. మా ఆరేళ్ల పాపకి వాళ్లిద్దరూ మామయ్యలే. పోయిన ఏడాది పరేడ్‌కి ముందు రోజు నుంచే "మామయ్యలు వస్తుంటే నేను చప్పట్లు కొడతా" అని గంతులేసింది. తీరా వెళ్లాక మేం ఇరవై నిమిషాలు కూడా ఉండలేకపోయాం. స్పీకర్ల లారీ ఒకటి సరిగ్గా మా ముందుకొచ్చి ఆగింది. పాప చెవులు రెండూ మూసుకుని ఏడుపు మొదలుపెట్టింది. బయటపడదామంటే రెండు వైపులా బారికేడ్లు. దారి ఎటో చెప్పే మనిషి కనబడలేదు. దాన్ని ఎత్తుకుని ఆ జనంలోంచి ఎలా వచ్చానో నాకే తెలుసు. మామయ్యల్ని చూడకుండానే ఇంటికొచ్చేశాం.

ఈ ఏడాది మళ్లీ వెళ్దామంటోంది. నాకూ వెళ్లాలనే ఉంది, కానీ ఇప్పటి నుంచే టెన్షన్. అందుకే ఈ ఉత్తరం.

"పిల్లల్ని అలాంటి చోటికి ఎలా తీసుకెళ్తారు?" అని అడిగేవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. వాళ్లకి నేను జీన్ మాన్‌ఫర్డ్ సంగతి చెబుతుంటాను. ఆవిడ న్యూయార్క్‌లో స్కూలు టీచర్. కొడుకు మోర్టీ స్వలింగ ప్రేమికుల హక్కుల కోసం పోరాడేవాడు. 1972లో ఒక నిరసనలో అతన్ని దారుణంగా కొట్టారు. పోలీసులు చూస్తూ ఊరుకున్నారు. ఆ తల్లి పత్రికకి ఉత్తరం రాసింది. తన కొడుకు స్వలింగ ప్రేమికుడని, అతనంటే తనకి ప్రేమ అని అందులో దాచకుండా చెప్పింది. ఆ జూన్‌లో కొడుకు పక్కనే పరేడ్‌లో నడిచింది. తల్లిదండ్రులంతా ఒక్కటై పిల్లలకి అండగా నిలబడాలని రాసిన అట్ట ఆవిడ చేతిలో ఉంది. దాన్ని చూసి కుర్రవాళ్లు దగ్గరికొచ్చి, మా అమ్మానాన్నలతో కూడా మాట్లాడండి అని బతిమాలారు. మరుసటి ఏడాది ఓ చర్చిలో దాదాపు 20 మందితో ఆవిడ పెట్టిన సమావేశమే తర్వాత పీఫ్లాగ్ అనే, ఇలాంటి పిల్లల తల్లిదండ్రులూ ఆప్తులూ కలిసి నడిపే సంస్థ అయింది. న్యూయార్క్‌లో స్టోన్‌వాల్ అనే బార్ మీద పోలీసులు దాడి చేస్తే స్వలింగ ప్రేమికులు ఎదురుతిరిగిన స్టోన్‌వాల్ తిరుగుబాటు 1969లో, దాని జ్ఞాపకంగా మొదటి ఊరేగింపు 1970లో. అంటే ఊరేగింపు మొదలైన రెండేళ్లకే కన్నవాళ్లు అందులో నడిచారు.

ఇక పిల్లలకి ఎలా చెప్పాలన్నది. "ఎందుకు నడుస్తున్నారమ్మా?" అని పాప అడిగింది. "ఎవరిని ప్రేమిస్తున్నారో చెప్పుకోలేక చాలామంది దాచుకోవాల్సి వచ్చింది. ఇక దాచుకోం అని నడుస్తున్నారు" అన్నాను. "మామయ్య కూడా దాచుకున్నాడా?" అంది. దాచుకున్నాడు. ఒకే గదిలో పెరిగిన నాకు కూడా ఇరవై ఆరో ఏట వరకు చెప్పలేకపోయాడు. పాపకి అర్థం కానిది ఇందులో ఏమీ లేదు. ఆ సంగతి ఒప్పుకోవడమే నాకు కష్టమైంది.

పరేడ్ నిర్వాహకులకూ, నగర అధికారులకూ నా మనవి ఒకటే: పిల్లలతో వచ్చేవాళ్లకి కావలసిన వివరాలు వారం ముందే ప్రకటించండి. మరుగుదొడ్లు, తాగునీరు, నీడ ఎక్కడ ఉంటాయో, జనంలోంచి బయటికి దారులు ఎక్కడెక్కడ వదిలారో మ్యాప్‌లో చూపించండి. వాలంటీర్లు ఏ రంగు జాకెట్ వేసుకుంటారో ముందే తెలిస్తే, "తప్పిపోతే ఆ రంగు జాకెట్ వాళ్ల దగ్గరికి వెళ్లు" అని పాపకి నేర్పించుకుంటాను. దాని చేతి మీద నా ఫోన్ నంబరు ఎలాగూ రాస్తాను. పెద్దవాళ్ల కోసమే అనుకున్న ప్రదర్శనలు ఉంటే అవి ఏ భాగంలో వస్తాయో చెప్పండి చాలు, ఎక్కడ నిలబడాలో మేమే చూసుకుంటాం.

అన్నిటికన్నా ముఖ్యం శబ్దం. పనిచేసే చోట పెద్దవాళ్లు 85 డెసిబెల్స్ మోతని రోజుకి 8 గంటలకు మించి వినకూడదని ఒక లెక్క ఉంది. మోత 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి తగ్గుతుంది. 100 డెసిబెల్స్‌కి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే. పెద్ద స్పీకర్ల పక్కన ఆ మోత మామూలే, మరి పసిచెవుల మాటేమిటి? ఈసారి పాపకి ఇయర్‌మఫ్స్ కొన్నాను. కానీ అందరూ కొనలేరు, కొన్నా పిల్లలు ఎంతసేపని పెట్టుకుంటారు? దారిలో ఏదో ఒక చోట, ఒక్క వంద గజాలైనా, లారీలు స్పీకర్లు ఆపుకుని వెళ్లే ఏర్పాటు చేయండి. పసిపిల్లలే కాదు, మోత పడని ఆటిజం ఉన్నవాళ్లు, వయసు మళ్లిన అమ్మానాన్నలు కూడా అక్కడ నిలబడగలుగుతారు.

చివరిగా మీకొక విన్నపం. జెండా పట్టుకున్న పిల్లల ఫొటో మొదటి పేజీకి బాగుంటుందని మీ ఫొటోగ్రాఫర్లకి అనిపించడం సహజం. దయచేసి వేసేముందు ఆ పిల్లల తల్లిదండ్రుల్ని అడగమనండి. పెద్దవాళ్ల ఫొటోలకీ అంతే. పరేడ్‌లో నడిచే అందరూ ఇంట్లో చెప్పి వచ్చినవాళ్లు కాదు. మొదటిసారి నడిచిన రోజు మా తమ్ముడు కూడా మా ఇంట్లో చెప్పలేదు. ఏ పేపర్లోనైనా తన ముఖం వస్తుందేమోనని ఆ రాత్రంతా నిద్రపోలేదట.

ఇట్లు,
ఒక పాఠకురాలు